గర్భసంచి తీయించుకున్న అక్కలకు చేరని కబురు

మన సోలాపూర్ తెలుగిళ్లలో ముట్లుడగడం గురించి ఎవరూ నోరు విప్పరు. ఒళ్లంతా ఆవిర్లు వచ్చినా, రాత్రి చెమటకు రవిక తడిసినా "వేడి చేసింది" అని మజ్జిగ తాగి ఊరుకుంటాం. హార్మోన్ మాత్ర మాట ఎత్తితే మాత్రం "అమ్మో, క్యాన్సరొస్తుందట" అంటాం. ఆ "అట" ఎక్కడ పుట్టిందో ఈసారి చెప్పుకుందాం.

1942లో అమెరికాలో ప్రెమరిన్ అనే ఈస్ట్రోజెన్ మాత్ర అమ్మకానికి వచ్చింది. చూడి గుర్రాల మూత్రం నుంచి తీసేవారు. పేరు కూడా ఆ ఇంగ్లీషు మాటల ముక్కలు అతికించి పెట్టిందే! 1966లో రాబర్ట్ విల్సన్ అనే డాక్టరు "ఫెమినిన్ ఫరెవర్" అనే పుస్తకంలో ముట్లుడగడాన్ని జబ్బుగా చూపించి, ఈ మాత్ర ఉంటే ఆడది ఎప్పటికీ పడుచే అన్నాడు. ఆయనకు మందుల కంపెనీ డబ్బు అందిందని తర్వాత బయటపడింది. మా కోపం ఆయన మీదే, మందు మీద కాదు.

1975లో తేలిందేమిటంటే, ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొరకు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకే గర్భసంచి ఉన్నవాళ్లకు దానితోపాటు ప్రొజెస్టోజెన్ ఇవ్వడం మొదలుపెట్టారు. గర్భసంచి లేనివాళ్లకు ఆ రెండో మందు మామూలుగా అక్కర్లేదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

2002 జూలైలో అమెరికాలో 16,608 మంది మీద జరుగుతున్న పెద్ద పరీక్షను మధ్యలో ఆపేశారు. రెండు మందులూ కలిపి వాడినవాళ్లలో ఏడాదికి ప్రతి 10,000 మందిలో రొమ్ము క్యాన్సర్ కేసులు 30 నుంచి 38కి పెరిగాయి. గుండెపోటు, పక్షవాతం కూడా కొంత పెరిగాయి. లోకమంతా భయపడింది. కానీ ఆ ఆడవాళ్ల సగటు వయసు 63. నలభై ఏడేళ్ల మన వదిన లెక్క అది కాదు.

అదే పరీక్షలో గర్భసంచి లేని 10,739 మందికి వేరే విభాగం ఉండేది. వాళ్లలో కొందరికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చారు. పక్షవాతం ముప్పు పెరిగిందని 2004లో దాన్నీ ఆపారు. కానీ రొమ్ము క్యాన్సర్ మాత్రం పెరగలేదు. ఈ కబురు మన గడప దాకా రానేలేదు.

అది రావలసింది మనకే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9. మన అమ్మగారి ఊళ్లవీ, అత్తగారి ఊళ్లవీ ఆ లెక్కలు. అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఐదేళ్లకే ముట్లుడిగినట్టు. ఎముకలు, గుండె అప్పటి నుంచే దెబ్బతినడం మొదలవుతుంది. అలాంటివాళ్లకు వేరే అడ్డంకి లేకపోతే, మామూలుగా ముట్లుడిగే వయసు దాకా ఈస్ట్రోజెన్ ఇవ్వాలనే డాక్టర్లు అంటారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకు, రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లకు లెక్క వేరు. అది డాక్టరే చెప్పాలి.

మనలో ఆపరేషన్ అయిన అక్కల్ని అడిగి చూశాం. అండాశయాలు ఉన్నాయో తీసేశారో చాలామందికి తెలియదు. డిశ్చార్జి కాగితం పాత ట్రంకుపెట్టెలో ఉంటే వచ్చే ఆదివారం మీటింగుకు తీసుకురండి, కూర్చుని కలిసి చదువుకుందాం.