స్టేల్ ఫైల్ హ్యాండిల్: నలభై ఏళ్ల నాటి ఎర్రర్ కథ

ఫోన్‌లో గూగుల్ డ్రైవ్ తెరిస్తే ఆ ఫైల్ ఏ ఊళ్లో ఉందో మనం పట్టించుకోం. ఎక్కడో ఉన్న ఫైల్ మన దగ్గరే ఉన్నట్టు కనిపించాలన్న ఆలోచన చాలా పాతది. ఇవాళ దాని కథ, దానితో పాటే పుట్టిన రెండు మొండి ఎర్రర్ల కథ చెప్తాను.

1982లో అమెరికాలో సన్ మైక్రోసిస్టమ్స్ మొదలైంది. స్థాపకుల్లో ఒకరైన వినోద్ ఖోస్లా మన ఢిల్లీ ఐఐటీలో చదివినవారే. అప్పట్లో హార్డ్ డిస్క్ అంటే బోలెడు ఖరీదు. మెషీన్‌కొక డిస్క్ కొనే బదులు, ఒక సర్వర్‌లో పెద్ద డిస్క్ పెట్టి అందరూ వాడుకుంటే పోలా? అలా తయారైందే నెట్‌వర్క్ ఫైల్ సిస్టమ్, అంటే ఎన్ఎఫ్ఎస్. 1985కల్లా దాని వెర్షన్ 2 జనం చేతికొచ్చింది.

ఇందులో అసలు కిటుకు ఏంటంటే, సర్వర్ ఏదీ గుర్తుపెట్టుకోదు. ఖాతా పుస్తకం లేని కిరాణా కొట్టు అనుకోండి. వెళ్లిన ప్రతిసారీ ఏం కావాలో పూర్తిగా చీటీ రాసి ఇవ్వాలి. సర్వర్ పడిపోయి మళ్లీ లేచినా ఇబ్బంది లేదు, అదే చీటీ ఇంకోసారి ఇస్తే చాలు.

మొదటి ఎర్రర్ ఇక్కడిదే: "సర్వర్ నాట్ రెస్పాండింగ్, స్టిల్ ట్రయింగ్". ప్రోగ్రామ్ బిగుసుకుపోతుంది. అది హార్డ్ మౌంట్ పద్ధతి, జవాబు వచ్చేదాకా అడుగుతూనే ఉంటుంది. విసుగొచ్చి చాలామంది సాఫ్ట్ మౌంట్‌కి మారతారు. అది కొన్నిసార్లు అడిగి వదిలేస్తుంది. ప్రోగ్రామ్ ఆ సంగతి గమనించకపోతే మీ ఫైల్ సగమే సేవ్ అవుతుంది! అందుకే రాసే పని ఉన్నచోట హార్డ్ మౌంటే ఉంచండి. ముందు సర్వర్ నడుస్తోందా, ఫైర్‌వాల్ 2049 పోర్టుని ఆపుతోందా చూడండి.

రెండోది "స్టేల్ ఫైల్ హ్యాండిల్". నేను చెప్పిన చీటీయే హ్యాండిల్. వెర్షన్ 2లో దాని సైజు 32 బైట్లు. యునిక్స్ సర్వర్లు అందులో మామూలుగా ఫైల్ పేరు పెట్టవు, ఐనోడ్ నంబర్ పెడతాయి. మీరు వాడుతున్న ఫైల్‌ని ఇంకొకరు డిలీట్ చేశారనుకోండి. అదే నంబర్ ఇంకో కొత్త ఫైల్‌కి రావొచ్చు. అప్పుడు మీ రాత వేరేవాళ్ల ఫైల్‌లో పడుతుంది! అది జరగకుండా నంబర్ పక్కన జనరేషన్ నంబర్ కూడా పెట్టారు. అది కలవకపోతే సర్వర్ "ఈ చీటీ చెల్లదు" అంటుంది. అంటే ఈ ఎర్రర్ మన డేటాకి కాపలా అన్నమాట. ఫోల్డర్ బయటికొచ్చి మళ్లీ లోపలికెళ్లండి. కుదరకపోతే అన్‌మౌంట్ చేసి మళ్లీ మౌంట్ చేయండి.

1995లో వెర్షన్ 3 వచ్చి 2 జీబీ దాటిన ఫైళ్లకి దారిచ్చింది. వెర్షన్ 4 నుంచి సర్వర్ ఖాతా పుస్తకం తెరిచింది: ఏ ఫైల్ ఎవరు తెరిచారు, ఎవరు లాక్ వేశారు అని రాసుకుంటుంది. అయినా స్టేల్ ఎర్రర్ పోలేదు, ఎందుకంటే అవతలివాళ్లు ఫైల్ తీసేయడం ఎప్పటికీ ఉండేదే.

ఈసారి ఇది కనిపిస్తే వెంటనే రీబూట్ కొట్టకండి, సర్వర్ వైపు ఏం మారిందో ముందు అడగండి.