జూలై నాల్గవ తేది

మన పూర్వులు జన్మదినమును తిథినిబట్టి జరుపుకొనిరి గాని తేదినిబట్టి జరుపుకొనలేదు. జాతకచక్రమున సంవత్సరము, మాసము, పక్షము, తిథి, వారము, నక్షత్రము వ్రాయబడుచుండెను. ఇంగ్లీషు తేది బడి రిజిస్టరుతోను, కచేరి కాగితములతోను, కోర్టు వాయిదాలతోను మన యిండ్లలో ప్రవేశించినది. అయినను నేడు మహనీయుల జయంతులు చాలవరకు తేదులమీదనే నడచుచున్నవి. కావున నొక్క తేదిని తీసికొని, దానియందు కూడియున్న సంగతులలో నేది బుద్ధిపూర్వకమో, యేది కాకతాళీయమో విచారించుట ఈ వార్షిక సంచికకు తగియుండునని తలంచితిమి. మహాసభ తునిలో జరుగుచుండగా జూలై 4 కంటె తగిన తేది మాకు తోచలేదు.

ఆ దినము అల్లూరి సీతారామరాజు గారి జయంతి. 1897 వ సంవత్సరము జూలై 4 వ తేదిన విశాఖపట్టణము జిల్లా పాండ్రంగిలో, మాతామహుల యింట, వారు జన్మించిరని ప్రసిద్ధి. పిత్రార్జిత గ్రామము భీమవరము సమీపమునందలి మోగల్లు. బాల్యముననే తండ్రి గతించుటచేత కుటుంబము పలు తావులకు మారవలసివచ్చెను. యౌవనారంభమున కొంతకాలము వారు తల్లితోను తోబుట్టువులతోను ఈ తునిలో నివసించిరి. మన యూరి యంచున పారు తాండవనదిని దాటినచో పాయకరావుపేట. వాయవ్యముగా చూచినచో కొండలు. ఆ కొండలలోని జనుల కష్టములను సీతారామరాజు గారు పుస్తకములలో చదివి తెలిసికొనలేదు, కాలినడకను తిరిగి తెలిసికొనిరి. అడవి చట్టములవలన పోడు వ్యవసాయము నిషిద్ధమయ్యెను. నర్సీపట్టణమునుండి లంబసింగికి వేయు రోడ్డుపై కూలికి పోయినవారికి న్యాయమైన కూలి దక్కలేదు. తరువాతి కథ ఆంధ్రులందరు నెఱిగినదే. 1922 ఆగస్టు 22 న చింతపల్లి, 23 న కృష్ణదేవిపేట, 24 న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలు వరుసగా వారి వశమయ్యెను. 1923 ఏప్రిలు 17 న తునికి పొరుగునున్న అన్నవరమున వారు ప్రత్యక్షమైరి. 1924 మే 7 న తుపాకిగుండ్లకు బలియైరి.

ఇది సంఘ సంచిక గనుక ఒక్కమాట చెప్పక తప్పదు. మహాపురుషుని తమ కులమువాడని చెప్పుకొనుట యెవరికైనను సహజము, అది దోషమని మేము అనము. కాని ఆ మూడు దినములలో వారి వెంట నడచిన గాము గంటందొర, గాము మల్లుదొర మొదలగువారు కొండప్రజలు. జయంతినాడు వారి పేర్లు చెప్పక రాజుగారి పేరొక్కటియే చెప్పి పూలదండ వేయుట మాకు సమ్మతము గాదు.

అమెరికాదేశమున కూడ జూలై 4 మహోత్సవదినము. 1776 లో నాటి పదుమూడు వలసరాజ్యముల ప్రతినిధులు స్వాతంత్ర్య ప్రకటనమును ఆ దినమున ఆమోదించిరి. నిజమునకు స్వాతంత్ర్య తీర్మానము నెగ్గినది జూలై 2 న. అత్యధికులు ప్రకటనముపై చేవ్రాలు చేసినది ఆగస్టు 2 న. జూలై 2 వ తేదియే ముందు తరములవారికి పండుగ యగునని జాన్ ఆడమ్స్ తలంచెను. లోకము రెండు దినములు జరిపి నాల్గవ తేదిని నిలుపుకొనెను. చిత్రమేమనగా ఆ ఆడమ్సును, ప్రకటనమును రచించిన థామస్ జెఫర్సనును ఇరువురు, సరిగా అర్ధశతాబ్ది నిండిన 1826 జూలై 4 వ తేదిననే మరణించిరి. ఇరువురును దేశాధ్యక్షులుగా నుండినవారే. అయిదేండ్లకు, 1831 లో, జేమ్స్ మన్రో యను మఱియొక పూర్వాధ్యక్షుడు ఆ దినముననే గతించెను. నాటివారు దీనిని దైవసంకల్పమనిరి. ఉత్సవదినము చూచువఱకు వృద్ధులు ప్రాణములు బిగబట్టుకొనిరని చెప్పువారును గలరు.

మేము గణితమును కొంత నమ్మెదము. సంవత్సరమునకు 365 దినములు గనుక, ఇరువురి జన్మదినము ఒక్కటి యగుట మిక్కిలి అరుదని తోచును. కాని 23 మంది కూడిన చోట ఏ ఇద్దరికైనను ఒకటే జన్మదిన మగుటకు సగముకంటె నెక్కువ అవకాశము గలదు. 57 మంది కూడినచో అది నూటికి 99 పాళ్లు. మన మహాసభ పందిరిలో ఒక్క వరుసవారిని అడిగి చూచినచో పాఠకులకే తెలియగలదు.

అయినను కొన్ని కలయికలు మనస్సును వదలవు. స్వామి వివేకానందుల సంగతి అట్టిది. 1898 లో వారు కాశ్మీరమున నుండగా, వెంటనున్న అమెరికాదేశపు శిష్యుల నిమిత్తము జూలై 4 ను ఉద్దేశించి ఇంగ్లీషున ఒక గీతము రచించిరి. సరిగా నాలుగేండ్లకు, 1902 జూలై 4 న, బేలూరు మఠమున దేహము చాలించిరి. వారి జన్మదినమును దేశము జనవరి 12 న యువజన దినముగా జరుపుచుండగా, వారు స్థాపించిన మఠము పుష్య బహుళ సప్తమిని విడువలేదు. ఒక్క మనుష్యునికి రెండు జన్మదినములు! మన యిండ్లలోను వృద్ధులకు ఇట్లే జరుగుచున్నది. మనుమలు తేదిని, కోడండ్రు తిథిని జ్ఞాపకముంచుకొందురు.

మన ఆంధ్రులలో జూలై 4 న గతించిన మహాశయుడు పింగళి వెంకయ్య గారు. బందరు సమీపమున భట్లపెనుమర్రులో జనించిన వీరు 1921 లో బెజవాడ కాంగ్రెసు సభల సందర్భమున గాంధీ మహాత్మునకు జెండా నమూనా సమర్పించిరి. 1963 లో బెజవాడలోనే కన్నుమూసిరి. వారి జన్మదినముగా జరుపబడునది ఆగస్టు 2. అమెరికా ప్రకటనముపై అత్యధికులు చేవ్రాలు చేసిన తేదియు అదియే యని పైన వ్రాసితిమి. దీనిలో నర్థమేమియు లేదు. వినుటకు మాత్రము ముచ్చటగా నున్నది.

బుద్ధిపూర్వకముగా ఏర్పరుపబడిన దినములు వేఱు. అమెరికావారు ఫిలిప్పీను ద్వీపములకు స్వాతంత్ర్యము నిచ్చుటకు 1946 జూలై 4 ను, అనగా తమ పండుగదినమునే, నిర్ణయించిరి. ఇచ్చినవాని పండుగ పుచ్చుకొన్నవానికి రుచించలేదు కాబోలు. 1962 లో ఆ దేశమువారు తమ స్వాతంత్ర్యదినమును జూన్ 12 కు మార్చుకొనిరి. మన స్వాతంత్ర్య చరిత్రలో సుభాష్ చంద్రబోసు గారు సింగపూరులో రాసబిహారి బోసు గారినుండి స్వాతంత్ర్య సంఘ నాయకత్వమును స్వీకరించినది 1943 జూలై 4. సరిగా నాలుగేండ్లకు, 1947 జూలై 4 న, భారత స్వాతంత్ర్య బిల్లు ఇంగ్లండు కామన్సు సభలో ప్రవేశపెట్టబడెను. అప్పటికి బోసు గారు లేరు. సీతారామరాజు గారు జీవించియుండినచో ఆ దినమున వారికి ఏబదేండ్లు నిండియుండెడివి.

తేది సామ్యమును పరీక్షింపకయే నమ్మరాదనుటకు నిదర్శనము వారి చరిత్రలోనే యున్నది. చింతపల్లి ఠాణా పట్టుబడినది 1922 ఆగస్టు 22. చెన్నపట్టణమువారు తమ నగర జన్మదినముగా జరుపుకొనునది కూడ ఆగస్టు 22. 1639 లో తెలుగు నాయకులగు దామెర్లవారినుండి ఇంగ్లీషు కుంపిణీవారు ఆ భూమిని పొందిన దినమట. ఏ దినమున కుంపిణీవారు ఈ తీరమున కాలూనిరో, 283 ఏండ్లకు ఆ దినముననే చెన్నరాజధాని ప్రభుత్వముమీద మన్యమున తిరుగుబాటు మొదలయ్యెనని ఉపన్యాసకులు చెప్పినచో సభ కరతాళధ్వనులతో మారుమ్రోగును. కాని 1639 లో ఇంగ్లీషువారి పంచాంగము పాతది. 1752 లో వారు క్రొత్త గణనమునకు మారునపుడు సెప్టెంబరు 2 మఱునాడు 14 గా లెక్కించి పదునొకండు దినములు విడిచిరి. 1639 నాటికి ఆ భేదము పది దినములు. కావున నేటి లెక్కను ఆ భూమిదాన దినము సెప్టెంబరు 1 యగును. అది ఆగస్టు గాదు, జూలై యని చెప్పువారును గలరు. పేరు కలిసినది గాని దినము కలియలేదు.

మఱి జూలై 4 మాత్రము నిర్వివాదమా? సీతారామరాజు గారి జన్మసంవత్సరము 1898 అని వ్రాసినవారు కొందఱు గలరు. ప్రభుత్వము 1897 నే గ్రహించినది. 2022 జూలై 4 న భీమవరమున ముప్పది అడుగుల కంచు విగ్రహము ప్రధానమంత్రిచే ఆవిష్కృతమై నూటయిరువదియైదవ జయంతి ఆరంభమాయెను. మఱుసటి యేడు అదే తేదిన హైదరాబాదులో రాష్ట్రపతి సమక్షమున ముగిసెను. ఆ తేదిననే, 1961 లో, గోదావరి యొడ్డున కొవ్వూరులో జనించిన కీరవాణి గారు, రాజుగారి పేరు గల వీరుని కథగా కల్పింపబడిన చిత్రమునకు సంగీతము కూర్చి 2023 లో ఆస్కారు బహుమానము పొందిరి. ఇది నిక్కముగా కాకతాళీయము, తీయని కాకతాళీయము.

జన్మసంవత్సర వివాదమును తీర్చుటకు పూర్వుల పద్ధతియే మేలైనది. 1897 జూలై 4 ఆదివారము, హేవిళంబి ఆషాఢ శుద్ధము. 1898 జూలై 4 సోమవారము, విళంబి ఆషాఢ బహుళ పాడ్యమి. ఆనాడు వ్రాసిన యే కాగితముననైనను వారముగాని, పక్షముగాని, సంవత్సర నామముగాని ఒక్కటి యున్నచో రెండేండ్లలో నేది సత్యమో నిమిషములో తేలును. రాజుగారి కుటుంబమును ఎఱిగిన యిండ్లు తునిలోను, చుట్టుపట్ల గ్రామములలోను ఆ కాలమున నుండెను. వారి దినచర్య పుస్తకములు, ఉత్తరములు, చేతివ్రాత పంచాంగములు ఏ యింటి అటకమీదనైనను, ఏ చెక్కపెట్టెలోనైనను మిగిలియుండవచ్చును. సంఘీయులును పోషకులును తమ యిండ్లలోని పాత కాగితములను చెదలు తినకముందే వెదకి, ఒక్క ప్రతి తీయించి సంఘ కార్యాలయమునకు పంపవలసినదిగా ప్రార్థించుచున్నాము. సీతారామరాజు గారి విషయము దొరకకపోయినను పంపవచ్చును.