రియల్‌టైమ్ టాస్క్ షెడ్యూలింగ్

ఒకే ప్రాసెసర్‌కు చాలా పనులు ఉన్నప్పుడు ఏది ముందో, ఏది తర్వాతో తేల్చే పద్ధతి టాస్క్ షెడ్యూలింగ్. నడుస్తున్న పనిని మధ్యలో ఆపి అంతకంటే ముఖ్యమైనదాన్ని నడిపిస్తే ప్రీఎంప్టివ్. మొదలైన పని తానుగా వదిలేదాకా మిగతావి ఆగితే నాన్-ప్రీఎంప్టివ్.

5 మిల్లీసెకన్లకోసారి ఉష్ణోగ్రత చూడాల్సిన కంట్రోలర్‌లో తెర మీద అంకెలు మార్చడానికి 8 మిల్లీసెకన్లు పడితే, రెండో పద్ధతిలో గడువు తప్పుతుంది. మొదటి పద్ధతిలో తెర పని ఆగుతుంది, దాని రిజిస్టర్లు స్టాక్‌లోకి వెళతాయి. ఆ ఖర్చు స్వల్పమే. అసలు చిక్కల్లా రెండు పనులూ వాడే డేటా సగం మారి ఉండగా ఆగిపోవడం.

తెలుగునాట ఈ విద్య ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా (ఈసీఐఎల్)తో ముడిపడింది. మొగల్లు గ్రామంలో పుట్టిన అయ్యగారి సాంబశివరావు ఆధ్వర్యంలో 1967లో హైదరాబాద్‌లో ఈ సంస్థ ఏర్పడింది. ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటర్ 1969లో ఈసీఐఎల్ నుంచి వచ్చింది. జమాఖర్చుల కోసం కాదు, ప్రయోగాల సంకేతాలను అప్పటికప్పుడు అందుకోవడానికి. టీడీసీ-312, టీడీసీ-316 తర్వాత వచ్చాయి.

అదే 1969 జులైలో అపోలో-11 చంద్రుడి మీద దిగుతుండగా, కంప్యూటర్‌పై భారం పెరిగిందని తెలిపే 1202 అలారం మోగింది. అందులో హాల్ లానింగ్ రూపొందించిన ఎగ్జిక్యూటివ్ అనే షెడ్యూలర్‌లో ప్రతి పనీ తనకన్నా ముఖ్యమైనది కాచుకుని ఉందేమోనని తానే మధ్యమధ్య చూసుకునేది. పని మితిమీరినా కంప్యూటర్ అంతా వదిలేయలేదు. పునఃప్రారంభమై ముఖ్యమైన పనులను కొనసాగించింది.

అప్పటిదాకా ఇదంతా అనుభవంతో నెట్టుకొచ్చిన వ్యవహారమే. 1973లో లియు, లేలాండ్‌లు దానికి గణితం అందించారు: తరచుగా వచ్చే పనికి ఎక్కువ ప్రాధాన్యమిస్తే, పనులెన్ని ఉన్నా ప్రాసెసర్ వాడకం సుమారు 69 శాతం దాటనంతవరకు గడువు తప్పదు. గడువు దగ్గరపడ్డ పనిని ముందు నడిపితే ఆ హద్దు 100 శాతం. ఈ లెక్కలన్నీ ప్రీఎంప్షన్ ఉంటేనే చెల్లుతాయి.

దాని తిప్పలు 1997లో అంగారకుడి మీద బయటపడ్డాయి. పాత్‌ఫైండర్ అంతరిక్ష నౌకలో వాతావరణ కొలతల పనికి ప్రాధాన్యం తక్కువ. ఉమ్మడి డేటాను ఒకసారి ఒక పనే వాడేలా చూసే తాళాన్ని అది పట్టుకుని ఉండగా మధ్యస్థాయి పనులు దాన్ని పక్కకు నెట్టేవి. ఆ తాళం కోసం ఎక్కువ ప్రాధాన్యమున్న పని ఎదురుచూస్తూ ఉండిపోయేది. చివరికి కంప్యూటర్ రీసెట్ అయ్యేది. షా, రాజ్‌కుమార్, లెహోజ్కీ 1990లో విశ్లేషించిన ప్రాధాన్య వారసత్వ పద్ధతిని (తాళం పట్టుకున్న పనికి, దానికోసం ఎదురుచూసే పని ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా ఇవ్వడం) భూమి నుంచే ఆన్ చేసి సమస్యను చక్కదిద్దారు.

అందుకే నాన్-ప్రీఎంప్టివ్‌ను పాతకాలపుదని తీసిపారేయలేం. ఈసీఐఎల్ నియంత్రణ పరికరాలు అందించే అణువిద్యుత్ రంగంలో భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వర్తించే ఐఈసీ 60880 ప్రమాణం, నడుస్తున్న పనిని మధ్యలో ఆపే ఇంటరప్ట్‌ల వాడకాన్ని పరిమితం చేయమంటుంది. వరుస తప్పని చక్రంలో పనులు నడిస్తే పరీక్షించడం తేలిక. 2003లో మొదలైన ఫ్రీఆర్‌టాస్ అనే రియల్‌టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్‌లోనైతే రెండు పద్ధతులూ ఉన్నాయి; కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఒక వరుసలో 1 బదులు 0 పెడితే ప్రీఎంప్షన్ ఆగిపోతుంది.