ర్యాంకు కార్డును చదవడం నేర్చుకుందాం

వనపర్తి రాజాగారి ప్రాసాదంలో 1959లో పాలిటెక్నిక్ వెలిసింది. సంస్థానాధీశులు మెలగిన గదుల్లో సామాన్యుల బిడ్డలు చదువుకునే రోజులు వచ్చాయి. సీటుకు డబ్బు గుంజే క్యాపిటేషన్ ఫీజును 1983 నాటి చట్టం నిషేధించింది. 1986లో ఎంసెట్ మొదలైంది. నాటి నుండి మన పిల్లల భవిష్యత్తు ర్యాంకుతో ముడిపడింది.

అయితే ర్యాంకంటే ఏమిటో మనలో ఎందరికి తెలుసు? వేలల్లో ర్యాంకు రాగానే "ఫెయిలయ్యాడు" అనుకుని కార్డును మూల పడేసిన ఇళ్లు మేమెరుగుదుము. ర్యాంకు మార్కు కాదు, వరుసలో మన స్థానం మాత్రమే. ఇంజనీరింగు అర్హతకు 160కి 40 మార్కులు చాలు. ఇంటర్ మార్కులకుండిన 25 శాతం వెయిటేజీని తెలంగాణలో 2023లో తీసివేశారు. వైద్యవిద్యకు 2017 నుండి నీట్ ర్యాంకే ఆధారం. వనపర్తి, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్యకళాశాలలు వచ్చాయి. సీటు గడప దాకా వచ్చింది, అందుకోవలసింది మనమే.

2007 చట్టంతో బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ లభించింది. షేకులు అందులోకి వస్తారు, దూదేకులవారు బి.సి.-బి. అందరికీ ఒకటే అనుకోరాదు. ర్యాంకు వచ్చాక సర్టిఫికెట్ కోసం ఆఫీసుల చుట్టూ తిరిగితే కౌన్సెలింగ్ ఆగదు.

కనుక సోదరులారా, అమ్మలారా! కుల, ఆదాయ ధ్రువపత్రాలు ముందే తీయించండి. కిందటేడు ఏ కాలేజీలో, ఏ కోటాలో చివరి సీటు ఏ ర్యాంకుకు దక్కిందో చూడండి. ఇష్టమైన వరుసలో వీలైనన్ని ఆప్షన్లు పెట్టండి. ఆడపిల్ల ర్యాంకు కార్డునూ అంతే శ్రద్ధగా చదవండి.