వీలునామా ఎగ్జిక్యూటర్ ఫీజు అడగొచ్చా? లెక్క చూపకపోతే వారసులు ఏం చేయాలి?

తండ్రి వీలునామా రాసి వెళ్లిపోయారు. ఆస్తి పంచే బాధ్యత పెద్దకొడుక్కో, బాబాయికో అప్పగించారు. ఏడాది దాటినా పంపకం తేలదు. 'ఇన్నాళ్లూ ఆఫీసుల చుట్టూ తిరిగాను, నా ఫీజు సంగతేంటి?' అని ఆయన అంటే, 'ముందు లెక్క చెప్పు' అని మిగతావాళ్లు అంటారు. చాలా ఇళ్లలో మాటలు ఆగిపోయేది ఇక్కడే. మరి దీనిపై చట్టం ఏం చెబుతోంది?

ఎగ్జిక్యూటర్ అంటే ఎవరు?

వీలునామాను అమలు చేయడానికి, అది రాసిన వ్యక్తి నియమించిన మనిషే ఎగ్జిక్యూటర్. భారత వారసత్వ చట్టం-1925 ప్రకారం ఆస్తి ఆయన చేతికి వస్తుంది. కానీ సొంతానికి కాదు. రావాల్సినవి వసూలు చేసి, అప్పులు తీర్చి, మిగిలింది వీలునామాలో పేరున్నవాళ్లకు అందించడానికే.

ఫీజు ఎంత?

సెక్షన్ 309 దీనికి పరిమితి పెట్టింది. అడ్మినిస్ట్రేటర్ జనరల్ అనే ప్రభుత్వ అధికారికి నిర్ణయించిన రేటు కంటే ఎక్కువ కమిషన్ ఎగ్జిక్యూటర్ తీసుకోకూడదు. 'నాకు ఇంత శాతం' అని తనకు తానే తేల్చుకునే వీల్లేదు. వీలునామాలో ఫీజు గురించి ఏం రాశారో ముందు చూడాలి.

ఫీజు వేరు, ఖర్చు వేరు. అంత్యక్రియలు, చివరి రోజుల వైద్యం ఖర్చులు ఆస్తి నుంచే ముందుగా చెల్లించాలి. తర్వాత ప్రొబేట్, కోర్టు ఖర్చులు. ఆపై పనివాళ్లకు చివరి మూడు నెలల జీతం బాకీ, ఇతర అప్పులు. ఇవన్నీ అయ్యాకే పంపకం. ప్రతి ఖర్చుకూ బిల్లు ఉంటే సగం గొడవ అక్కడే తీరిపోతుంది.

లెక్క ఎప్పుడు చూపాలి?

వీలునామాను కోర్టు ధ్రువీకరించడాన్ని ప్రొబేట్ అంటారు. అది వచ్చిన 6 నెలల్లో ఆస్తులు, అప్పుల జాబితాను, ఏడాదిలో జమాఖర్చుల లెక్కను కోర్టుకు ఇవ్వాలి. కోర్టు కావాలంటే గడువు పెంచుతుంది.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఏపీ, తెలంగాణల్లో హిందువుల వీలునామాకు ప్రొబేట్ తప్పనిసరి కాదు. దాంతో చాలామంది కోర్టుకే వెళ్లరు. ప్రొబేట్ లేకపోతే ఈ గడువులూ మొదలుకావు. అయినా లెక్క చెప్పే బాధ్యత పోదు. వారసులు ముందు రాతపూర్వకంగా అడగాలి. అప్పటికీ స్పందన లేకపోతే సివిల్ కోర్టులో దావా వేయొచ్చు.

వారసులూ ఒకటి గుర్తుంచుకోవాలి. మరణించిన తేదీ నుంచి ఏడాది వరకు వాటాలు ఇచ్చి తీరాలని ఎగ్జిక్యూటర్‌ను చట్టం బలవంతం చేయదు. మూడో నెలలోనే 'ఆస్తి మింగేశాడు' అని నింద వేయడం సరికాదు.

తప్పు చేస్తే?

* ఆస్తిలో ఏ భాగాన్నైనా ఎగ్జిక్యూటర్ నేరుగా గానీ, పరోక్షంగా గానీ తానే కొనుక్కుంటే, ఆ ఆస్తిలో హక్కున్నవారు అమ్మకాన్ని రద్దు చేయించొచ్చు (సెక్షన్ 310).
* ఆస్తిని దుర్వినియోగం చేసినా, నష్టం తెచ్చినా తన జేబు నుంచి భర్తీ చేయాలి (సెక్షన్ 368).
* రావాల్సిన బాకీలు నిర్లక్ష్యంతో వసూలు చేయకుండా వదిలేసినా అంతే (సెక్షన్ 369).
* సరైన కారణం లేకుండా, కావాలనే లెక్క ఇవ్వకపోతే ప్రొబేట్ రద్దు కావొచ్చు (సెక్షన్ 263).
* ఎగ్జిక్యూటర్‌ను తప్పించి మరొకరిని పెట్టమని హైకోర్టును కోరవచ్చు (సెక్షన్ 301).

వీలునామా రాసేవాళ్లకు

ఫీజు ఉందా, ఉంటే ఎంత అన్నది ఒక్క వాక్యంలో రాయండి. ఆస్తులు, బ్యాంకు ఖాతాలు, అప్పుల జాబితా జత చేయండి. ఇద్దరు ఎగ్జిక్యూటర్లను పెడితే, ఇద్దరూ కలిసే సంతకం చేయాలని స్పష్టంగా చెప్పండి. అలా రాయకపోతే ప్రొబేట్ తీసుకున్న ఒక్కరే అన్ని అధికారాలూ వాడుకోవచ్చు.

ఇప్పటికే ఎగ్జిక్యూటర్‌గా ఉన్నవాళ్లు వేరే బ్యాంకు ఖాతా తెరిచి, ఆస్తికి సంబంధించిన డబ్బంతా అందులోనే నడపడం మేలు. నెలకోసారి ఆ లెక్క తోబుట్టువుల వాట్సాప్ గ్రూపులో పెడితే అనుమానానికి చోటుండదు.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం. మీ కేసు విషయంలో న్యాయవాదిని సంప్రదించండి.