కార్చిచ్చు కాలపు కొలువు: అడవి మంటల కావలివారు ఎవరు, ఎలా చేరతారు?

ఏటా ఫిబ్రవరి 15న ఉత్తరాఖండ్‌లో ఒక తాత్కాలిక కొలువు మొదలవుతుంది. జూన్ 15తో అది ముగుస్తుంది. వానలు ముందే పడితే ఇంకా ముందే ముగియవచ్చు. అటవీ శాఖ దస్త్రాల్లో ‘ఫైర్ సీజన్’గా నమోదయ్యే ఈ నాలుగు నెలల కోసం కొండ గ్రామాల నుంచి వేల మందిని దినసరి వేతనంపై తీసుకుంటారు. వారినే ఫైర్ వాచర్లు అంటారు. అడవిలో పొగ కనిపిస్తే ముందుగా అక్కడికి చేరేది, మంట ఆరిన తర్వాత చివరగా వెనుదిరిగేది సాధారణంగా వారే.

ఈ మంటకు తెలుగులో కార్చిచ్చు, దావానలం, దావాగ్ని అని ఎన్నో పేర్లున్నాయి. దాన్ని ఆర్పే మనిషికి మాత్రం ప్రత్యేకమైన పేరేదీ స్థిరపడలేదు. శాఖ వాడే ‘వాచర్’ అన్న ఆంగ్ల పదానికి కావలివాడు అనే అర్థం. అంటే పదవి పేరులో కాపలా ఉంది గాని ఆర్పడం లేదు. ఈ వ్యత్యాసం కేవలం మాటలకు సంబంధించినది కాదు. శిక్షణ, రక్షణ సామగ్రి, బీమా వంటి విషయాలు చర్చకు వచ్చినప్పుడు దాని ప్రభావం కనిపిస్తుంది.

డెహ్రాడూన్ కేంద్రంగా 1981 నుంచి పనిచేస్తున్న భారత అటవీ సర్వేక్షణ సంస్థ నవంబరు నుంచి జూన్ వరకు ఉండే కాలాన్ని దేశవ్యాప్త అగ్ని కాలంగా లెక్కిస్తుంది. 2023 నవంబరు, 2024 జూన్ మధ్య ఉపగ్రహాలు దేశంలో 2,03,544 అగ్ని స్థానాలను గుర్తించాయి. వాటిలో 21,033 ఉత్తరాఖండ్‌లోనివి. ఆ సీజనులో ఆ రాష్ట్రమే మొదటి స్థానంలో నిలవగా, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ తరువాతి స్థానాల్లో ఉన్నాయి. దేశ అటవీ విస్తీర్ణంలో 36 శాతానికి పైగా తరచూ మంటలు చెలరేగే ప్రాంతమేనని సంస్థ 2019 నివేదిక అంచనా వేసింది. పిడుగుల వల్ల పుట్టే మంటలు ఇక్కడ అరుదు. దాదాపు అన్నింటి వెనుకా నిర్లక్ష్యమో అవసరమో ఉంటుంది గాని, మనిషి చేయి మాత్రం తప్పకుండా ఉంటుంది.

ఎంపిక ఎలా జరుగుతుంది?

భారతదేశంలో అడవి మంటలను ఆర్పడానికి కాలానుగుణ నియామకాలు చేపట్టే జాతీయ సర్వీసు ఏదీ లేదు. ఈ పని రాష్ట్ర అటవీ శాఖలదే. కేంద్రం 2017-18లో ప్రారంభించిన అటవీ అగ్ని నివారణ, నిర్వహణ పథకం కింద రాష్ట్రాలకు కొంత సాయం అందుతుంది. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు వ్యయంలో 90 శాతం, ఇతర రాష్ట్రాలకు 60 శాతం కేంద్రమే భరిస్తుంది. అయితే ఎంతమందిని తీసుకోవాలి, ఎన్ని రోజులకు తీసుకోవాలి అన్నది డివిజనుకు ఆ ఏడాది మంజూరైన సొమ్మును బట్టి తేలుతుంది.

కాబట్టి ఈ కొలువుకు పత్రికా ప్రకటన, రాతపరీక్ష సాధారణంగా ఉండవు. డివిజనుకు మంజూరైన సంఖ్యను రేంజి అధికారులు బీట్ల వారీగా పంచుతారు. మనుషులను గుర్తించే బాధ్యత ఆ బీటులో తిరిగే ఫారెస్టు గార్డుది. కాలిబాటలు, నీటి ఊటలు, గాలి వాలు తెలిసిన స్థానికులకు ప్రాధాన్యం ఉంటుంది. నిరుడు చేసినవారినే మళ్లీ పిలవడం ఆనవాయితీ. ఉత్తరాఖండ్‌లో 11 వేలకు పైగా ఉన్న వన పంచాయతీల సర్పంచుల మాటకూ విలువ ఉంటుంది. ఈ పంచాయతీలకు ఒక చరిత్ర ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం అడవులను రిజర్వు చేసి ప్రజల హక్కులను హరించినప్పుడు, 1921లో కుమావూ ప్రాంతంలో నిరసనగా అడవులకు నిప్పు పెట్టారు. ఆ అశాంతి ఫలితంగానే 1931లో అటవీ పంచాయతీ నియమావళి వచ్చింది. అడవిపై హక్కు పోయినచోట మంట ఆర్పే మనసూ పోతుందని శాఖకు అప్పుడే తెలిసివచ్చింది.

పని కోరేవారు ఫిబ్రవరి దాకా ఆగితే ఆలస్యమైనట్టే. జనవరిలోనే బీటు గార్డునో, రేంజి కార్యాలయాన్నో కలవడం మేలు. ఆధార్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, పనిచేసే ఫోను నంబరు ఉండాలి. కొన్నిచోట్ల నియామకం ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా జరుగుతుంది. అక్కడ చేరేవారు తమ పేరు ఎవరి హాజరు పట్టీలో ఉంది, వేతనం ఎవరి ఖాతా నుంచి వస్తుంది అన్నది మొదటి రోజే తెలుసుకోవడం మంచిది. యజమాని ఎవరన్న ప్రశ్న సాధారణంగా ప్రమాదం జరిగాక గాని తలెత్తదు. అప్పటికి సమాధానం దొరకడం కష్టమవుతుంది.

రోజువారీ పని

ఉత్తరాఖండ్‌లో వాచర్లు ‘క్రూ స్టేషన్’ అనే చిన్న శిబిరాల్లో ఉంటారు. రాష్ట్రవ్యాప్తంగా ఇలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. మంటలు లేని రోజుల్లో అగ్ని నిరోధక రేఖలను శుభ్రం చేస్తారు. మంట ఒకవైపు నుంచి మరోవైపు దాటకుండా చెట్లూ ఆకులూ లేకుండా ఉంచే ఈ బాటలు 100, 50, 30 అడుగుల వెడల్పున ఉంటాయి. చీర్ పైన్ చెట్లు వేసవిలో రాల్చే సూదుల్లాంటి ఆకులను స్థానికంగా పిరూల్ అంటారు. నూనె గుణమున్న ఆ ఆకులు నేలపై మందంగా పేరుకుని, నిప్పురవ్వ పడగానే భగ్గుమంటాయి. రేఖ మీద పిరూల్‌ను ఉదయం ఊడ్చినా సాయంత్రానికి మళ్లీ పరుచుకుంటుంది. 2024 మేలో రాష్ట్ర ప్రభుత్వం కిలో పిరూల్‌కు 50 రూపాయలు చెల్లిస్తామని ప్రకటించింది. ఆ ఆకులను అడవి నుంచి తరలించడం మంటను ఆర్పడం కన్నా చవక అన్న లెక్క దాని వెనుక ఉంది.

మంట సమాచారం ఇప్పుడు ఆకాశం నుంచి వస్తోంది. మోడిస్, వియర్స్ అనే ఉపగ్రహ పరికరాలు గుర్తించిన వేడి బిందువులను సర్వేక్షణ సంస్థ బీటు హద్దులతో సరిపోల్చి, సంబంధిత సిబ్బంది ఫోన్లకు సంక్షిప్త సందేశాలుగా పంపుతుంది. వియర్స్ చిత్రంలో ఒక బిందువు 375 మీటర్ల వెడల్పున్న నేలకు సమానం. అది అడవి మంటా, పొలం గట్టున తుప్పల మంటా అన్నది తేల్చవలసింది అక్కడికి నడిచి వెళ్లిన మనిషే. గార్డు ఫోను చేస్తాడు, వాచర్లు కొండెక్కుతారు. చాలాచోట్ల దారి లేదు కనుక అగ్నిమాపక వాహనం రాదు. నీరూ ఉండదు.

మనదేశపు అడవి మంటల్లో అధికభాగం నేలబారు మంటలే. ఎండుటాకులు, గడ్డి కాలుతూ పోతాయి, చెట్ల కొమ్మలు అంటుకోవడం తక్కువ. అందుకే పచ్చి కొమ్మలతో బాదడం, ఇనుప రేకులతో ఆకులను లాగి నేలను బయటపెట్టడం, బ్లోయర్లతో ఎండుటాకులను ఊదేయడం వంటి సాధారణ పద్ధతులు పనిచేస్తాయి. మంట పెద్దదైతే దానికి ముందున్న ఆకులను తామే కాల్చి మేత లేకుండా చేస్తారు. దీన్ని ఎదురు మంట అంటారు. గాలి దిశ తెలియనివాడు దీనికి పూనుకుంటే అపాయమే. వాలు మీద మంట పైకి వేగంగా పాకుతుంది. కనుక మంటకు పైభాగాన, ఎగువ వాలులో నిలబడకూడదన్నది తొలి పాఠం. చీర్ అడవుల్లో మరో చిక్కు ఉంది. కాలుతున్న కాయలు వాలు వెంట దొర్లి, ఆర్పినచోటికి దిగువన కొత్త మంట పుట్టిస్తాయి. సిబ్బంది రెండు మంటల నడుమ చిక్కుకునే ప్రమాదం ఇలాగే వస్తుంది.

బిన్సర్, కొట్టంబత్తూర్

2024 జూన్ 13న అల్మోరా జిల్లాలోని బిన్సర్ వన్యప్రాణి అభయారణ్యంలో మంట వార్త అందుకుని ఎనిమిది మంది సిబ్బంది ఒకే వాహనంలో బయలుదేరారు. వాహనం దిగుతుండగానే గాలి ఉద్ధృతికి మంటలు వారిని చుట్టుముట్టాయి. ఆ రోజు నలుగురు మరణించారు. మిగిలిన నలుగురు తీవ్రంగా కాలిపోయారు. మృతుల్లో ఒకరు బీటు అధికారి, ఒకరు ప్రాంతీయ రక్షక్ దళ్ జవాను, ఒకరు ఫైర్ వాచరు, ఒకరు దినసరి శ్రామికుడు. ఒకే మంట, నాలుగు రకాల ఉద్యోగ హోదాలు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి 10 లక్షల రూపాయల పరిహారం ప్రకటించింది. కానీ శాశ్వత ఉద్యోగి కుటుంబానికి దానితో పాటు చేరే సర్వీసు ప్రయోజనాలు దినసరి కూలీ ఇంటికి చేరవు.

అంతకు నాలుగేళ్ల ముందు, 2020 ఫిబ్రవరి 16న కేరళలోని త్రిస్సూర్ జిల్లా కొట్టంబత్తూర్ వద్ద అకేషియా తోటల్లో చెలరేగిన మంటల్లో ముగ్గురు అటవీ వాచర్లు ప్రాణాలు కోల్పోయారు.

బిన్సర్ ఘటనకు కొన్ని వారాల ముందే ఉత్తరాఖండ్ మంటలు సుప్రీంకోర్టు దృష్టికి వచ్చాయి. మంటలు రగులుతున్న వేళ అటవీ సిబ్బందిని ఎన్నికల విధులకు ఎందుకు పంపారని, రాష్ట్రం 10 కోట్ల రూపాయలు అడిగితే కేంద్రం 3.15 కోట్లే ఎందుకు ఇచ్చిందని 2024 మేలో న్యాయస్థానం ప్రశ్నించింది. శాశ్వత సిబ్బంది ఎన్నికల విధుల్లో ఉన్నప్పుడు అడవిలో మిగిలేది ఎవరో వేరే చెప్పనక్కర్లేదు.

చట్టం ఏమంటోంది?

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం రెండో షెడ్యూలులో ‘అడవి మంటల అదుపు లేదా ఆర్పివేత’ పనిలో ఉన్నవారు స్పష్టంగా చేరారు. అంటే శాసనకర్తలు ఎప్పుడో దీన్ని ప్రమాదకర వృత్తిగా గుర్తించారు. ఆ చట్టం 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత స్మృతిలో కలిసింది. పనిలో గాయపడినా మరణించినా పరిహారం హక్కుగా అడగవచ్చు, ప్రభుత్వ దయపై ఆధారపడనక్కర్లేదు. దానికి ఆ రోజు పనిలో ఉన్నట్టు రుజువు కావాలి. హాజరు పట్టీలో పేరు లేని వ్యక్తికి ఈ హక్కు కాగితానికే పరిమితం. ‘రేపు రాసుకుందాం’ అన్న మాటను నమ్మి కొండెక్కినవారి కుటుంబాలే ఇక్కడ నష్టపోతాయి.

ఎన్ని సీజన్లు పనిచేసినా శాశ్వత నియామకం దానంతట అది రాదు. తాత్కాలిక ఉద్యోగులకు క్రమబద్ధీకరణ హక్కు లేదని 2006 ఏప్రిల్ 10న ఉమాదేవి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మరోవైపు, 1927 అటవీ చట్టంలోని 79వ సెక్షను అడవిలో మేత, కలప వంటి హక్కులు అనుభవించే గ్రామస్థులు మంటల నివారణకు సహకరించడం విధి అంటోంది. వాచరుకు కూలి దొరుకుతుంది, అతని వెనుక పరుగెత్తివచ్చే ఊరివారికి అదీ ఉండదు.

తెలుగు రాష్ట్రాల్లో

నల్లమలలో పరిస్థితి వేరు. ఇక్కడివి ఆకు రాల్చే అడవులు. మాఘ, ఫాల్గుణాల్లో టేకు, నల్లమద్ది ఆకులు, ఎండిన బోద గడ్డి నేలంతా కప్పుతాయి. ఫిబ్రవరి నుంచి మే వరకు కార్చిచ్చు భయం ఎక్కువ. ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చడం, తునికాకు చిగుర్ల కోసం పొదలు కాల్చడం, కొత్త గడ్డి కోసం పశువుల కాపరులు నిప్పు పెట్టడం, బాటసారి పారేసిన బీడీ ముక్క దీనికి కారణాలు. 3,700 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోనూ, తెలంగాణలోని అమ్రాబాద్‌లోనూ బేస్ క్యాంపుల్లో ఉండే రక్షణ వాచర్లలో చెంచులు గణనీయంగా ఉన్నారు. పులుల కాపలా, వేటగాళ్లపై నిఘా, కార్చిచ్చు నివారణ అన్నీ వారి పనులే. వేసవికి అదనంగా తీసుకునేవారిని సమీప గూడేల నుంచి, వన సంరక్షణ సమితుల నుంచి ఎంచుకుంటారు. 2014 మార్చిలో తిరుమల శేషాచలం కొండల్లో మంటలు వ్యాపించినప్పుడు హెలికాప్టర్లు రావలసివచ్చింది. అయితే హెలికాప్టరు పెద్ద మంటలకే వస్తుంది, చిన్న మంట పెద్దది కాకుండా చూసేది వాచరే.

అమెరికాలో ఇదే కొలువుకు పద్ధతి ఉంది. ఫెడరల్ సంస్థల్లో వేసవి పోస్టులకు ముందు శరదృతువులోనే ఆన్‌లైన్ దరఖాస్తులు మొదలవుతాయి. ప్రాథమిక కోర్సు పూర్తిచేసి, 45 పౌండ్ల బరువుతో 3 మైళ్లు 45 నిమిషాల్లో నడిస్తేనే మంట దగ్గరికి పంపుతారు. ప్రతి ఒక్కరూ మంట చుట్టుముడితే కప్పుకునే రక్షణ గుడారం మోసుకెళ్లాలి. ఫెడరల్ పోస్టులకు పౌరసత్వం తప్పనిసరి కనుక వీసాపై ఉన్న తెలుగువారికి అవి అందవు. నేపాల్‌లో సామూహిక వన వినియోగదారుల బృందాలు, భూటాన్‌లో దేశుంగ్ స్వచ్ఛంద సేవకులు ఈ బాధ్యతలో పాలుపంచుకుంటారు.

ఈ పనిని వృత్తిగా కొనసాగించాలనుకునే యువతకు తెలుగు రాష్ట్రాల్లో ఉన్న దారి పబ్లిక్ సర్వీస్ కమిషన్ నిర్వహించే ఫారెస్ట్ బీట్ ఆఫీసరు నియామకం. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ చదివినవారు అర్హులు. రాతపరీక్ష తర్వాత నడక పరీక్ష ఉంటుంది. పురుషులు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, మహిళలు 16 కిలోమీటర్లు నడవాలి. సీజనంతా కొండలెక్కి దిగిన వాచరుకు ఆ నడక భారం కాకపోవచ్చు. అతన్ని వెనక్కి నెట్టేది రాతపరీక్ష. దాని సన్నద్ధతకు కావలసిన నెలలూ అగ్ని కాలంతోనే కలిసివస్తే, చదువో కూలో ఒకటి వదులుకోవాలి.