పక్షవాతం తర్వాత చేతికి సాధన: దూరాభారాల బస్తర్‌లో కరిగిపోయే తొలి నెలలు

పక్షవాతం వచ్చినవారిలో చాలామందికి నడక కుదుటపడినా చేయి స్వాధీనంలోకి రాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ డివిజన్‌లో దీనికి దూరం తోడవుతోంది. ఏడు జిల్లాల ఈ అటవీ ప్రాంతంలో ప్రధాన ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి జగదల్‌పూర్‌లో ఉంది. అక్కడి నుంచి రాయ్‌పూర్ సుమారు 300 కిలోమీటర్లు. కోంటా పరిసరాల వారు సరిహద్దు దాటి భద్రాచలం వస్తుంటారు. ప్రాణాపాయం తప్పి ఇల్లు చేరాక, ఫిజియోథెరపీకి మళ్లీ మళ్లీ రావడం అందరికీ సాధ్యం కాదు. అలా పోయే కాలం మాత్రం విలువైనది.

అమెరికాలో 72 మందిపై జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, మామూలు చికిత్సకు అదనంగా 20 గంటల చేతి సాధన ఇచ్చారు. రెండు, మూడు నెలల మధ్య దాన్ని పొందినవారు ఏడాది చివరికి అందరికన్నా ఎక్కువగా కోలుకున్నారు. తొలి నెలలో పొందినవారికీ మేలు కలిగింది కానీ, అంత కాదు. ఆరు నెలలు దాటాక మొదలుపెట్టినవారిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మరి ఆ సాధనను ఇంటివారే చేయించవచ్చా? భారత్‌లోని 14 ఆసుపత్రుల్లో 1,250 మందిపై జరిగిన ‘అటెండ్’ పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి పంపినా, ఆరు నెలలకు మరణాలు గానీ పరాధీనత గానీ తగ్గలేదు. అది చేతిని మాత్రమే కొలిచిన పరీక్ష కాదు. ఇంటి సాధన వృథా అనీ తేల్చలేదు. అయితే థెరపిస్టు బాధ్యతను ఇంటివారికి వదిలేస్తే సరిపోదన్నది స్పష్టం.

ఇంట్లో మొదట కాపాడవలసింది భుజాన్ని. పట్టు తప్పిన చేతిని లాగి లేపకూడదు. తలపైకి కప్పీతో లాగించే వ్యాయామం నొప్పి తెచ్చిపెడుతుంది. కూర్చున్నప్పుడు చేతి కింద దిండు ఉండాలి. వేళ్లు కాస్త కదిలితే, నిత్యం చేసిన పనులే సాధన: ఇప్పపూలు ఏరి గంపలో వేయడం, ఆకులు ఒకదానిపై ఒకటి పేర్చడం, గ్లాసు అందుకోవడం. అందరూ చేతిలో పెట్టే రబ్బరు బంతి ఈ పనులకు బదులు కాదు.

మణికట్టు, వేళ్లు కొంతైనా చాపగలిగినవారికి, బాగున్న చేతికి మందపాటి తొడుగు వేసి రెండో చేతితో పనిచేయించే పద్ధతి ఉంది. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మందిపై జరిగిన పరీక్షలో అది ఫలించినట్లు 2006లో వెల్లడైంది. తూలి పడే ప్రమాదం ఉన్నందున థెరపిస్టు చూసిన తర్వాతే దీన్ని మొదలుపెట్టాలి. భుజం నొప్పి, చేతి వాపు కనిపిస్తే సాధన ఆపి వైద్యుడికి చూపించాలి.